హాజరుపట్టీలో పుట్టినవారు

పల్లెపట్టున అల్లరిచేయు కుఱ్ఱవానిని తల్లి 'కేడీ' అని కసరుకొనునప్పుడు, ఆ మాట పోలీసు ఠాణాలోని ఒక పుస్తకమునుండి తన నాలుకమీదికి దిగివచ్చినదని ఆమె యెఱుగదు. దోపిడులు చేయువాడని తమకు తెలిసిన మనిషిని ఆంగ్లేయుల కాలపు పోలీసులు 'నోన్ డిప్రిడేటర్' అని తమ భాషలో వ్యవహరించి, ఆ రెండు మాటలకును మొదట నిలుచు 'కె', 'డి' అను అక్షరములను మాత్రము అతని పేరుప్రక్కన వ్రాసికొనిరి; ఆ గుర్తు బంట్రోతు నోటినుండి గ్రామ మునసబు నోటికిని, మునసబు నోటినుండి ఊరి నోటికిని ప్రాకి, తుదకు తెలుగువారి తిట్లలో ఒకటిగా కుదురుకొన్నది. ఒక చట్టము ప్రజాజీవితములో ఎంత లోతునకు దిగినదో తెలిసికొనుటకు న్యాయస్థానపు తీర్పులకంటె ఇట్టి మాటలే మంచి సాక్ష్యములని నా నమ్మకము. చెఱనుండి విడుదలయైన మనిషిని రాజ్యము ఏ కంటితో చూచెను, అతని భార్యాబిడ్డలను ఏ కంటితో చూచెను అను ప్రశ్నకు మన తెలుగుదేశమున దొరకు సమాధానము బాపట్లకును చీరాలకును నడుమనున్న ఒక ఊరి కథలో ఇమిడియున్నది. ఆ ఊరు స్టూవర్టుపురము.

శిక్ష ముగించుకొని వచ్చినవానిపై నిఘా యుంచుట ఆ కాలమునకు క్రొత్త సంగతి కాదు. 1860వ సంవత్సరపు శిక్షాస్మృతిలోని 75వ సెక్షను, పూర్వము శిక్షపడినవాడు మరల కొన్ని నేరములు చేసినచో దండనను పెంచవచ్చునని చెప్పెను. 1898వ సంవత్సరపు క్రిమినల్ ప్రొసీజరు కోడు నూటపదవ సెక్షనులో అలవాటుపడిన నేరస్థులనుండి సత్ప్రవర్తనకు జామీను తీసికొను అధికారమును మెజిస్ట్రేటులకు ఇచ్చెను. అయిదువందల అఱువదియైదవ సెక్షనులో, విడుదలయైన పిమ్మట అయిదేండ్లవఱకు తన నివాసమును, దాని మార్పులను తెలియజేయవలయునని శిక్షితుని ఆజ్ఞాపించుటకు వీలు కల్పించెను. ఇవి కఠినములే. అయినను ఒక న్యాయము వీనిలో మిగిలియున్నది: మొదట ఒక మనిషి ఒక పని చేసెనని ఋజువు కావలయును, ఆ తరువాతనే అతని పేరు పుస్తకమునకెక్కవలయును, అదియు అతని పేరొక్కటియే, అయిదేండ్లు గడచినచో ఆ పుట ముగియవలయును.

1871వ సంవత్సరమున పుట్టిన నేరస్థజాతుల చట్టము ఈ వరుసను తలక్రిందులు చేసెను. మొదట అది వాయవ్య పరగణాలు, అయోధ్య, పంజాబు ప్రాంతములకు పరిమితమై, 1876లో వంగదేశమునకు వ్యాపించి, 1911లో తిరుగవ్రాయబడినప్పుడు మద్రాసు రాజధానితో కూడ బ్రిటిషు ఇండియాకంతటికిని వర్తించునదయ్యెను. 1924లో సవరణలన్నియు ఒకచోట కూర్చి మఱియొక మాఱు ముద్రింపబడెను. ఒక తెగగాని, ముఠాగాని, జనవర్గముగాని జామీనుకు వీలులేని నేరములను పరిపాటిగా చేయుచున్నదని స్థానిక ప్రభుత్వము నమ్మినచో, గెజెటులో ఒక ప్రకటన చేయుట చాలును. ఆ ప్రకటన చెల్లునా చెల్లదా యని ప్రశ్నించు అధికారము ఏ న్యాయస్థానమునకును లేదని చట్టమే స్పష్టముగా పలికెను. అటుపిమ్మట ఆ తెగవారి పేర్లు రిజిస్టరులోనికి ఎక్కును, వ్రేలిముద్రలు తీయబడును, నియమితకాలములలో హాజరు చెప్పుకొనుటయు, ఊరు విడుచునప్పుడు తెలియజేయుటయు విధియగును. రిజిస్టరులో నున్నవానికి అనుబంధములో పేర్కొన్న నేరమునకు రెండవమాఱు శిక్షపడినచో, న్యాయాధిపతి ప్రత్యేక కారణములు వ్రాసిననే తప్ప ఏడేండ్లకు తక్కువకాని చెఱ. మూడవమాఱైనచో యావజ్జీవ ద్వీపాంతరవాసము. దొంగతనము చేయకపోయినను, చేయబోవుచున్నాడని న్యాయస్థానమునకు తోచు పరిస్థితులలో కనబడినచో మూడేండ్లవఱకు కారాగారము. ఇన్నిటిని మించినది బిడ్డలను గూర్చిన సెక్షను. ఆఱేండ్లు దాటి పదునెనిమిది నిండని బిడ్డలను తలిదండ్రులనుండి వేఱుచేసి, పారిశ్రామిక పాఠశాలలకో వ్యవసాయ పాఠశాలలకో సంస్కరణ పాఠశాలలకో పంపుటకు ప్రభుత్వమునకు అధికారము గలదని ఆ సెక్షను చెప్పుచున్నది. తండ్రి చేసిన తప్పునకు బిడ్డను శిక్షించుట ధర్మము కాదని మన పల్లెలలో అక్షరము రానివారికి సైతము తెలియును. ఆ బిడ్డ విషయములో తండ్రి తప్పు చేసెనో లేదో కూడ ఎవ్వరును విచారింపలేదు.

మద్రాసు రాజధానిలో ఈ చట్టపు వల ఎక్కువగా పడినవారిలో ఎఱుకలవారు ఒకరు. తమిళసీమలో కొఱవలని పిలువబడు వీరిలో బుట్టలల్లువారును, కరివేపాకు అమ్మువారును, పందులను మేపువారును, సోది చెప్పువారును కలరు. ఉప్పెఱుకలవారు గాడిదలమీదను ఎద్దులమీదను సముద్రతీరపు ఉప్పును మెట్టసీమలకు మోసికొనిపోయి, బదులుగా ధాన్యము తెచ్చి, బండ్లు నడువని త్రోవలలోని గ్రామములకు అంగడియు సంతయు తామే యై మెలగిరి. ఆకాశరాజు కొలువునకు శ్రీనివాసుడంతటివాడు పద్మావతీపరిణయము కొఱకు ఎఱుకలసాని వేషము వేసికొని పోయినట్లు మన కథలు చెప్పుచున్నవన్నచో, ఆ బుట్టను, ఆ సోదికఱ్ఱను తెలుగిండ్ల వాకిండ్లు ఎంత నమ్మకముతో ఆహ్వానించినవో ఊహింపవచ్చును. ఉప్పుపై ప్రభుత్వపు గుత్తాధికారము బిగిసి, రైళ్లు వచ్చి, 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన గొప్ప కఱవు పల్లెల కొనుగోలుశక్తిని హరించిన తరువాత, ఈ సంచారవర్తకులకు త్రోవలు మిగిలినవి గాని త్రోవలలో పని మిగులలేదు. ఎఱుకలవారి చరిత్రను శ్రద్ధతో పరిశోధించిన మీనా రాధాకృష్ణ ఈ వర్తకనాశమునే వారి దుర్దశకు మూలముగా చూపినది. వారిలో కొందఱు దొంగతనమునకు దిగినది నిజమే. దానిని కప్పిపుచ్చవలసిన పనిలేదు. కాని నిన్నటి వర్తకుడు నేడు దొంగ యెట్లాయెనని అడుగవలసిన చోట, దొంగతనము వాని రక్తములోనే యున్నదని ప్రభుత్వము తీర్మానించుకొన్నది. కారణము వెదకుటకంటె జాతి పేరు వ్రాసికొనుట సులభము.

ఈ చట్టము క్రింద ఎఱుకలవారిని నిర్బంధించి నిలుపు నివాసముగా, అనగా సెటిల్‌మెంటుగా, స్టూవర్టుపురము 1913, 1914 సంవత్సరముల ప్రాంతమున వెలసినది. ఊరి పేరు సర్ హెరాల్డు స్టూవర్టు పేరు. ఈయన మద్రాసు సివిల్ సర్వీసులో పెరిగి, 1891 నాటి మద్రాసు రాజధాని జనగణనను నడిపి, పిమ్మట గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యుడైన అధికారి. కులములను లెక్కించి నివేదికలు వ్రాసిన మనిషి పేరే ఒక కులమును నిర్బంధించిన ఊరికి నిలిచెనన్న సంగతి తెలిసిననాటినుండి, ఆ ఊరి రైలుస్టేషను బోర్డును చూచిన ప్రతిసారియు నాకు లెక్కల పుస్తకములు జ్ఞప్తికి వచ్చుచుండును. ఊరిని నడుపు భారము రక్షణ సైన్యము (సాల్వేషన్ ఆర్మీ) అను క్రైస్తవ సంస్థకు అప్పగింపబడెను. ఆ సైన్యమునకు ఇండియాలో నాయకుడైన ఫ్రెడరిక్ బూత్ టక్కరు తాను స్వయముగా ఐ.సి.యస్. ఉద్యోగమును విడిచి, 1882లో బొంబాయి రేవున దిగి, కాషాయవస్త్రములు ధరించి, ఫకీర్ సింగ్ అను పేరు పెట్టుకొన్న విచిత్రపురుషుడు. 1908లో గోరఖ్‌పురమున నేరస్థజాతుల సెటిల్‌మెంటును తమ సంస్థ ప్రారంభించిన తరువాత, నేరము ఒక వ్యాధియనియు దానికి చికిత్స కలదనియు ఉత్సాహముతో ప్రచారము చేసినవాడు. విజయవాడ యెదుటనున్న సీతానగరమునను ఈ సంస్థయే సెటిల్‌మెంటును నడిపెను. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికను బాప్టిస్టు మిషనువారు, శామ్యూల్ బాడెన్ దొర పర్యవేక్షణలో, అట్టి మఱియొకదానిని నిర్వహించిరి. ఈ మిషనరీలలో దయగలవారు లేకపోలేదు. బడి కట్టిరి, వైద్యము చేసిరి, నేల పంచిరి. దయ యెంతయున్నను, ఆ దయ అనుభవించువాడు అనుమతి లేక గుమ్మము దాటరాదన్న షరతు మాత్రము మాఱలేదు.

ఆ ఊరిలో దినచర్యకు ఆదియు అంతమును హాజరే. పేరు పిలిచినప్పుడు పలుకవలయును. బంధువుల పెండ్లికిగాని, చావునకుగాని, సంతకుగాని పొరుగూరు పోవలయునన్నచో పాసు తీసికొనవలయును. పాసులో వ్రాసిన గడియకు తిరిగి రాకున్న అది వేఱొక నేరము, ఆ నేరమునకు వేఱొక చెఱ. వ్యవసాయము చేయుమని ఇచ్చిన తీరపునేల అందఱికిని అన్నము పెట్టజాలనిది గనుక, చీరాలలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీవారి కర్మాగారము వెలసిన తరువాత సెటిల్‌మెంటువారు అచటికి కూలికి పోవుచుండిరి. పొగాకు కంపెనీకి వేళతప్పక వచ్చు కూలివారు కావలయును, సెటిల్‌మెంటుకు కనుసన్నల మెలగు పని కావలయును. రెండు అవసరములును ఒకదానికొకటి చక్కగా అతికినవి. భర్త రాజమహేంద్రవరపు సెంట్రల్ జైలులో కాలము గడుపుచుండగా భార్య ఇచట హాజరు చెప్పుచుండెను. అతనికి విడుదలతేదీ యొకటి కాగితముమీద నుండెను, ఆమెకు అట్టిది లేదు. ఆ తేదీ వచ్చి జైలు తలుపు తెఱచుకొన్నప్పుడు అతడు బయటపడినది సెటిల్‌మెంటు గుమ్మములోనికే. బిడ్డలు పుట్టినది ఆ ఆవరణలోనే, నడక నేర్చినది ఆ హద్దులలోనే. వ్రేలిముద్ర లేనివారు సైతము వ్రేలిముద్ర పెట్టినవారితోపాటు అచటనే పెరిగిరి. విడిపోయి బ్రతుకుటయా, బంధించుకొని కలిసి బ్రతుకుటయా అను రెండు త్రోవలలో ఒకదానిని ఎంచుకొమ్మన్నచో, ఏ యిల్లాలు ఏమని చెప్పగలదు?

ఈ కథకు ప్రక్కనే, పట్టుమని పది మైళ్లు లేని దూరమున, మఱియొక కథ అదే కాలమున జరిగినది. 1921లో చీరాల పేరాల గ్రామములవారు పురపాలక సంఘపు పన్నును నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఇండ్లు వాకిండ్లు విడిచి, ఊరిబయట రామనగరమను పేరున పాకలు వేసికొని దాదాపు పదునొకండు నెలలు కాపురముండిరి. ఊరు విడుచుట వారికి స్వాతంత్ర్యపు గుఱుతయ్యెను. ఆ చరిత్రను మనము నేటికిని గర్వముతో చెప్పుకొనుచున్నాము, చెప్పుకొనవలసినదే. అదే రైలుదారిలో ముందున్న స్టేషనువద్ద ఊరు విడుచుట నేరమైయుండెనని మాత్రము మన చరిత్రగ్రంథములు ఆ పుటలో వ్రాయలేదు. గోపాలకృష్ణయ్య జైలుకు పోయెను. జైలుకు పోయివచ్చిన దేశభక్తులకు రైలుస్టేషనులలో పూలమాలలు వేచియుండెడివి. స్వతంత్రభారతము 1972 ఆగస్టు 15వ తేదీన ప్రవేశపెట్టిన స్వాతంత్ర్యయోధుల పింఛను పథకము ఆఱునెలల కారాగారవాసమును ఒక యోగ్యతగా గుర్తించి, యోధుడు గతించినచో అతని వితంతువునకును, అవివాహితలగు కుమార్తెలకును ఆ పింఛనును అందజేసెను. రాజ్యము తలచుకొన్నచో చెఱకు పోయివచ్చినవాని కుటుంబమును ఆదుకొనుట దానికి చేతకాని పని కాదని ఇందువలన తెలియుచున్నది. ఏ చెఱ గౌరవమునకు, ఏ చెఱ కళంకమునకు అను విభాగము మాత్రము చాల కాలము పుట్టుకను కూడ లెక్కలోనికి తీసికొన్నది.

నేరస్థజాతుల చట్టము నెదిరించినవారు లేకపోలేదు. 1920 ఏప్రిల్ 3వ తేదీన మదుర జిల్లా పెరుంగామనల్లూరులో పిరమలై కళ్లర్లు రిజిస్టరులో పేర్లు వ్రాయించుకొనమని నిలువగా పోలీసులు కాల్పులు జరిపిరి. ఒక స్త్రీతో కూడ పలువురు ప్రాణములు కోల్పోయిరి. అచటివారు ఈ చట్టమును 'కైరేఖైచ్చట్టము' అనిరి. చేతిగీతల చట్టమని దాని అర్థము. మన జిల్లాలలో అంతటి రక్తపాతము నడువలేదు గాని, నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల సేవతో ప్రారంభించి, ఆదిమజాతి సేవక సంఘము ద్వారా, ఈ చట్టమును తుడిచివేయవలయునని చిరకాలము పట్టువిడువక వాదించెను. మద్రాసు ప్రభుత్వము దేశమునకంతటికిని ముందుగా 1947లో దీనిని రద్దుచేసినది. కేంద్రప్రభుత్వము నియమించిన విచారణసంఘమునకు చిత్తూరు జిల్లావాడైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షత వహించి, దేశమెల్ల తిరిగి, చట్టమును తొలగింపుమని 1950లో నివేదించెను. 1952 ఆగస్టు 31వ తేదీన అది అంతటను రద్దయ్యెను. ఆ దినమును విముక్తజాతులవారు నేటికిని తమ స్వాతంత్ర్యదినముగా జరుపుకొనుచున్నారు; ఆగస్టు పదునైదు గడచిన అయిదేండ్ల పదునాఱు దినములకు వచ్చిన స్వాతంత్ర్యమది.

అయితే పుస్తకము మూతపడలేదు. జాతి పేరు కొట్టివేసిన చేతులే అలవాటు నేరస్థుడను క్రొత్త శీర్షికను వ్రాసినవి. మద్రాసులో ఆ చట్టము రద్దయిన మఱుసటి యేడే, 1948లో, అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టము వచ్చెను. 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తన స్వంత అలవాటు నేరస్థుల చట్టమును చేసినది. ఎడతెగని అయిదేండ్ల అవధిలో మూడుమాఱులకు తక్కువ కాకుండ, పేర్కొన్న నేరములకు కారాగారశిక్ష పడినవాడు ఈ చట్టమునకు లోబడును. అతనికి రిజిస్టరు, వ్రేలిముద్రలు, హాజరు, సంచారనిరోధము అన్నియు కలవు. ఇక్కడ నేను న్యాయము తప్పక చెప్పవలసిన మాట యొకటి కలదు: ఈ చట్టము జాతిని అడుగదు, మనిషిని అడుగును, శిక్ష ఋజువైన తరువాతనే పేరు వ్రాయును, ఆ మేరకు ఇది 1871నాటి దానికంటె నిశ్చయముగా మేలైనది. కాని చట్టమునకు పూర్వము పడిన శిక్షలు కూడ లెక్కకు వచ్చునన్న నియమమును చదివినప్పుడు ఆగి ఆలోచింపవలసియున్నది. పాసు గడువు దాటినందుకును, అనుమానాస్పదముగా కనబడినందుకును తరముల తరబడి చెఱకు పంపబడిన జనసమూహము, ఠాణాలో అందఱికంటె మందమైన కట్టగా మిగిలినది. నూతన చట్టము నిష్పక్షపాతముగా ఆ కట్ట విప్పి చదివినను, దానిలో దొరకు పేర్లు పాత పేర్లే. దొంగతనము జరిగిన రాత్రి పోలీసులు మొదట తట్టు తలుపు ఎవరిదో ఊరివారికి తెలియును. ఆ తలుపు వెనుక నిలుచునది తఱచుగా ఆ మనిషి కాదు, అతని తల్లియో భార్యయో.

1970వ దశాబ్దపు నడిమిభాగమునుండి స్టూవర్టుపురములో హేమలతా లవణం చేసిన కృషిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలయును. మహాకవి గుఱ్ఱం జాషువ కుమార్తెయు, విజయవాడ నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరాకు కోడలును అయిన ఆమె, చంబలు లోయలో వినోబా ముందు బందిపోట్లు లొంగిపోయినప్పుడు ఆయన వెంట నడచిన భర్త లవణముతో కలిసి, ఆ ఊరికి పోయినది. వారు సంస్కార్ అను సంస్థ ద్వారా ఆ కుటుంబములతో చాల ఏండ్లు పనిచేసిరి. పోలీసులు ఆ ఊరికి పోయినప్పుడు పురుషుని కొఱకు పోవుదురు. హేమలత ఆ యిండ్లలోని స్త్రీల వద్దకును, బిడ్డల వద్దకును పోయినది. చెఱకుపోయిన మనిషి తిరిగివచ్చుటకు ఒక యిల్లు నిలిచియుండవలయునన్న మామూలు సత్యమును గ్రహించి పనిచేసిన కారణముననే, అర్ధశతాబ్దమున హాజరుపట్టీ సాధింపలేని నమ్మకమును ఆమె సంపాదింపగలిగినదని నేను భావించుచున్నాను. సినిమాలవారికి మాత్రము ఆ ఊరు వేఱుగా కనబడినది: 1991లో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'. తెరమీద సాహసముగా చూపినదానిని ఆ యూరి పిల్లలు బడిలో తోటివారి చూపులలో మోయవలసియుండునన్న తలంపు చిత్రము చూచుచున్నంతసేపు మనకు రాదు.

2024 అక్టోబరు 3వ తేదీన సుకన్యా శాంత వ్యాజ్యములో సుప్రీంకోర్టు, దేశములోని జైలు నిబంధనావళులలో కులమునుబట్టి పనులు పంచుటయు, విముక్తజాతులవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచుటయు రాజ్యాంగవిరుద్ధములని తీర్పుచెప్పెను. అలవాటు నేరస్థుడన్న మాటకు ఆయా రాష్ట్రముల చట్టములు చెప్పిన అర్థమే తప్ప వేఱొకటి జైలు నిబంధనలలో చెల్లదని స్పష్టపఱచెను. విచారణఖైదీల, శిక్షాఖైదీల రిజిస్టరులలో కులమును వ్రాయు గడిని తొలగింపుమని ఆజ్ఞాపించెను. 1871లో మొదలైన వ్రాతలో ఆ గడిని తొలగింపుమనుటకు నూటయేబదిమూడేండ్లు పట్టినది. ఆజ్ఞ వెలువడిన నాటికి బాపట్ల ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైయుండెను, స్టూవర్టుపురము ఆ జిల్లాలోని ఒక రైలుస్టేషను. ప్యాసింజరు బండి అచట ఆగును, దిగువారు దిగుదురు, ఎక్కువారు ఎక్కుదురు, ఎవ్వరును పాసు చూపవలసిన పనిలేదు. పట్టణములో పనికి పోయిన కుఱ్ఱవానిని నీ ఊరేదని యజమాని అడిగినప్పుడు, అతడు ఒక్క క్షణము ఆగి, బాపట్ల అని చెప్పును.